శిక్షణ కేంద్రం మూతపడితే పోయేదేమిటి?

(భవానీపురంలో మైనారిటీ కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రభుత్వ శిక్షణ కేంద్రాల మూసివేత గురించి మాట్లాడవలసిందిగా నిర్వాహకులు కోరారు. మేము వక్తలము కాము. డిగ్రీ చదివి, ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా చేరి, ఫైళ్ల మధ్యనే జుట్టు నెరిసి విశ్రాంతి తీసుకున్నవారము. కనుక మాకు వచ్చిన ఫైలు భాషలోనే నాలుగు మాటలు మనవి చేస్తాము. ఒక శిక్షణ కేంద్రం ఎలా పుడుతుందో మీలో చాలామంది చూశారు. రిబ్బను కత్తిరిస్తారు, ఫొటో దిగుతారు, మరునాడు పత్రికలో వార్త వస్తుంది. అది ఎలా మూతపడుతుందో చూసినవారు తక్కువ. మూసివేతకు సభ జరగదు, అతిథులు రారు.

మూసివేత తాళంతో మొదలవదు. తాళం అన్నిటికంటే చివరి పని. మొదట బోధకుడు పదవీ విరమణ చేస్తాడు. ఆ పోస్టును భర్తీ చేయమని ప్రతిపాదన పైకి వెళ్తుంది. ‘పరిశీలనలో ఉన్నది’ అన్న జవాబు కిందికి వస్తుంది. అంతవరకు మరో కేంద్రంలోని బోధకుడికి ఇన్‌చార్జి బాధ్యత అప్పగిస్తారు. ఆయన వారానికి రెండు రోజులు వస్తాడు. వారానికి రెండు రోజులు పాఠం జరిగే చోటికి పిల్లలు ఆరు రోజులు రారు గదా. హాజరుపట్టీలో గైర్హాజరు గుర్తులు పెరుగుతాయి. మరుసటి ఏడాది దరఖాస్తులు తగ్గుతాయి. అప్పుడు తనిఖీకి వచ్చిన అధికారి తన నివేదికలో ‘అభ్యర్థుల స్పందన అంతంతమాత్రం’ అని రాస్తాడు. ఆ వాక్యం అబద్ధం కాదు. అయితే దానికి ముందు రావలసిన వాక్యం, అంటే ‘రెండేళ్లుగా పూర్తికాలపు బోధకుడు లేడు’ అన్నది, మరో సెక్షన్‌లో, మరో గుమాస్తా బల్ల మీద, మరో ఫైలులో ఉంటుంది. ఈ రెండు పేజీలను పక్కపక్కన పెట్టి చదివే బాధ్యత ఎవరికీ ఉండదు.

ఇక డబ్బు సంగతి. కుట్టు నేర్పాలంటే గుడ్డ, దారం, సూదులు కావాలి. ఎలక్ట్రీషియన్ పని నేర్పాలంటే వైరు, స్విచ్చులు కావాలి. వెల్డింగుకు రాడ్లు కావాలి. వీటి కోసం కేటాయించిన సొమ్ము ఒకేసారి రాదు, విడతలుగా విడుదలవుతుంది. చివరి విడత మార్చి నెల మూడో వారంలో వచ్చిందనుకోండి. కొటేషన్లు పిలిచి, సరుకు తెప్పించి, బిల్లు పెట్టి, ట్రెజరీలో ఆమోదం పొందేలోగా 31వ తేదీ దాటిపోతుంది. ఖర్చు కాని సొమ్మును సరెండర్ చేయక తప్పదు. మరుసటి ఏడాది అంచనాలు తయారు చేసేవారు గత ఏడాది ఖర్చును చూస్తారు. ఇచ్చినదే ఖర్చు చేయలేకపోయారు గనుక ఈసారి తగ్గించవచ్చునని నిర్ణయిస్తారు. పిల్లవాడికి ఆలస్యంగా అన్నం పెట్టి, తినలేదు గనుక ఆకలి లేదని రాసుకున్నట్టు ఉంటుంది ఈ లెక్క.

మేము పని చేసిన రోజుల్లో ఇటువంటి ఒక కేంద్రం ఫైలు మా బల్ల మీదుగానే వెళ్లింది. ఆ ఊరి పేరు, ఆ కార్యాలయం పేరు ఇక్కడ అవసరం లేదు. స్టాకు రిజిస్టరు ప్రకారం కుట్టు మిషన్లు ఒక్కటీ తగ్గలేదు. బల్లలు, కత్తెరలు, ఇస్త్రీపెట్టెలు అన్నీ లెక్కకు సరిపోయాయి. నేర్పే మనిషి మాత్రం లేదు. చివరికి భవనం అద్దె బకాయి పడింది, యజమాని నోటీసు ఇచ్చాడు, సామాను మరో చోటికి తరలింది. ఆ ఫైలు మొదటి పేజీ నుంచి చివరి పేజీ వరకు వెదికినా ‘మూసివేత’ అన్న మాట ఎక్కడా కనిపించదు. విలీనం అని ఉంటుంది, హేతుబద్ధీకరణ అని ఉంటుంది, పునర్వ్యవస్థీకరణ అని ఉంటుంది. మనవాళ్లు ‘మా కేంద్రాన్ని ఎందుకు మూసివేశారు?’ అని అర్జీ పెడితే ‘కేంద్రం మూసివేయబడలేదు’ అని జవాబు రావడానికి కారణం ఇదే. ప్రశ్నలో వాడే మాట ఫైలులో ఉన్న మాట కావాలి. ఇది మా ఉద్యోగం మాకు నేర్పిన చిన్న విద్య.

ఇది చిన్న ఊళ్లలోని చిన్న కేంద్రాల కథ మాత్రమే అనుకోవద్దు. ఢిల్లీ వరకు ఇదే వరస. 1989లో ఏర్పడిన మౌలానా ఆజాద్ ఎడ్యుకేషన్ ఫౌండేషన్ స్వతంత్ర భారత తొలి విద్యామంత్రి పేరు పెట్టుకున్న సంస్థ. వెనుకబడిన మైనారిటీల విద్య కోసం స్వచ్ఛంద సంస్థలకు గ్రాంట్లు ఇచ్చింది. బేగం హజ్రత్ మహల్ పేరుతో తొమ్మిది నుంచి పన్నెండో తరగతి వరకు చదివే ఆడపిల్లలకు ఉపకారవేతనాలు ఇచ్చింది. గరీబ్ నవాజ్ పేరుతో యువతకు ఉపాధి శిక్షణ నడిపింది. 2024 ఫిబ్రవరి 7న కేంద్ర మైనారిటీ వ్యవహారాల మంత్రిత్వశాఖ ఆ సంస్థను మూసివేయమని ఉత్తర్వు ఇచ్చింది. అప్పటికి సంస్థ వద్ద 1,073 కోట్ల రూపాయల పైచిలుకు నిధులు ఉన్నాయి. చెల్లించవలసిన బాధ్యతలు 403 కోట్ల పైచిలుకు పోగా దాదాపు 670 కోట్లు మిగులు. ఆ మిగులును భారత సంచిత నిధికి జమ చేయమన్నారు. ఒప్పంద పద్ధతిపై పనిచేస్తున్న 43 మందిని ఇంటికి పంపమన్నారు. దీనిపై కొందరు పౌర ప్రముఖులు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లారు. 2024 ఏప్రిల్‌లో న్యాయస్థానం ఆ పిటిషన్‌ను కొట్టివేసింది. మైనారిటీల కోసం ప్రత్యేక మంత్రిత్వశాఖ ఉన్నప్పుడు ఫౌండేషన్ అవసరం లేదన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. ఆ మంత్రిత్వశాఖ ఏర్పడింది 2006లో. 2006 నుంచి 2024 వరకు పద్దెనిమిదేళ్లు రెండూ పక్కపక్కనే పనిచేశాయన్న సంగతిని గుమాస్తా కన్ను దాటిపోనివ్వదు. డబ్బు లేక మూతపడిన సంస్థ కాదు అది.

మూతపడిన వాటి స్థానంలో కొత్తవి వచ్చాయి గదా అని మీరు అడగవచ్చు. వచ్చాయి. 2013లో ‘సీఖో ఔర్ కమావో’ వచ్చింది. శిక్షణ పొందినవారిలో కనీసం 75 శాతం మందికి పని చూపాలని, సీట్లలో మూడో వంతు ఆడపిల్లలకు ఇవ్వాలని దాని నిబంధన. 2015లో సంప్రదాయ కళాకారుల కోసం ‘ఉస్తాద్’, బడి మానేసిన యువత కోసం ‘నయీ మంజిల్’ వచ్చాయి. నయీ మంజిల్ ఆలోచన మాకు నిజంగా నచ్చింది. చదువు మధ్యలో ఆపిన పిల్లలకు ఎనిమిదో తరగతికో పదో తరగతికో సమానమైన సర్టిఫికెట్టును, దానితోపాటే ఒక పనిని కలిపి నేర్పడం మన పేటలకు సరిగ్గా సరిపోయే ఏర్పాటు. ఆ పథకాలన్నిటినీ తరువాత ‘పీఎం వికాస్’ అన్న ఒకే గొడుగు కిందికి చేర్చారు. విలీనం అన్న మాట మళ్లీ వచ్చింది చూశారా!

అయితే మా ఫిర్యాదు పథకాల పేర్ల మీద కాదు. ఈ కొత్త పథకాలలో శిక్షణ ఇచ్చేది ఎక్కువగా ఏజెన్సీలు. ఏజెన్సీ ఒక హాలు అద్దెకు తీసుకుంటుంది, ఒక బ్యాచ్ నడుపుతుంది, బ్యాచ్ పూర్తికాగానే బోర్డు తీసుకుని వెళ్తుంది. అందులో మంచి ఏజెన్సీలు లేవని మేము అనము. కానీ ప్రభుత్వ కేంద్రానికి మంజూరైన పోస్టు ఉంటుంది, హాజరుపట్టీ ఉంటుంది, స్టాకు రిజిస్టరు ఉంటుంది, ప్రిన్సిపాల్ కుర్చీ ఉంటుంది. అడగడానికి ఒక గుమ్మం ఉంటుంది. బ్యాచ్‌కు గుమ్మం లేదు. బ్యాచ్ మూతపడదు, అయిపోతుంది. మన పిల్లవాడు సర్టిఫికెట్టు పోగొట్టుకుని నకలు కావాలని వెళితే అక్కడ హాలు ఉంటుంది గాని ఆ సంస్థ ఉండదు.

1950లో వృత్తి నిపుణుల శిక్షణ పథకాన్ని ప్రారంభించినప్పుడు ఐటీఐలను గుమ్మం ఉన్న సంస్థలుగానే ఊహించారు. ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ ట్రేడులు రెండేళ్లు. వెల్డర్, కంప్యూటర్ ఆపరేటర్, కుట్టు సాంకేతికత ఒక్కో ఏడాది. తరువాత 1961 అప్రెంటిస్ చట్టం కింద కర్మాగారంలో పని నేర్చుకునే అవకాశం. ఈ మెట్లు ఎక్కినవాడికి రైల్వేలోనో, విద్యుత్ సంస్థలోనో, ప్రైవేటు కర్మాగారంలోనో తలుపు తెరుచుకునే వీలుంది. 2023లో వచ్చిన పీఎం విశ్వకర్మ పథకాన్నే తీసుకోండి. దర్జీలు, మంగలివారు, కమ్మరులు, తాళాలు బాగుచేసేవారు మొదలైన 18 వృత్తులవారికి పనిముట్ల కోసం 15 వేల రూపాయలు, తక్కువ వడ్డీకి రుణం ఇస్తారు. అర్హులైన మనవారు తప్పక దరఖాస్తు చేయాలి. కానీ అందులోని ప్రాథమిక శిక్షణ వారం రోజులకు మించదు. అది పని తెలిసినవాడికి ఊతం. పని తెలియనివాడికి పని నేర్పేది ఆ రెండేళ్ల ట్రేడే.

ఈ విషయం ఇతరులకంటే మనకు ఎందుకు ఎక్కువ పడుతుందో చెప్పడానికి మేము కొత్త లెక్కలు వెదకము. 2006 నవంబరులో వచ్చిన సచార్ కమిటీ నివేదిక చాలు. ముస్లిం శ్రామికులలో దాదాపు 61 శాతం మంది స్వయం ఉపాధిలో ఉన్నారని అది చెప్పింది. స్వయం ఉపాధి అంటే వినడానికి గౌరవంగా ఉంటుంది. మన వీధులలో దాని అర్థం తోపుడుబండి, కుట్టుమిషను, పంక్చరు షాపు, ఆటో. నెలజీతం ఉన్నవాడికి సంస్థ ఏదో ఒకటి నేర్పుతుంది. సొంతంగా బతికేవాడికి పని నేర్పేది ఉస్తాదు, లేదా ప్రభుత్వం. ఐటీఐ ప్రవేశానికి కనీస అర్హతను ఎనిమిదో తరగతికి తగ్గించాలని, మదరసాలలో చదివిన పిల్లలకు కూడా అవకాశం ఇవ్వాలని ఆ కమిటీ సిఫారసు చేసింది. అదే ఏడాది ప్రకటించిన ప్రధానమంత్రి 15 సూత్రాల కార్యక్రమంలో కొత్త ఐటీఐలలో కొంత భాగాన్ని మైనారిటీలు అధికంగా నివసించే ప్రాంతాలలో నెలకొల్పాలన్న సూత్రం స్పష్టంగా ఉంది. ఆ కార్యక్రమం అమలును చూడడానికి ప్రతి జిల్లాలో కలెక్టరు అధ్యక్షతన ఒక కమిటీ ఉండాలి. ఎన్టీఆర్ జిల్లాలోనూ ఉండాలి.

మన రాష్ట్రంలో మరొక కోణం ఉంది. 2007లో వచ్చిన చట్టం ముస్లింలలో సామాజికంగా వెనుకబడిన 14 వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. కేసు సుప్రీంకోర్టు వరకు వెళ్లింది. 2010 మార్చి 25న ఇచ్చిన మధ్యంతర ఉత్తర్వు వల్ల అది కొనసాగుతున్నది. ఆ జాబితాను ఒకసారి చదివి చూడండి. అత్తరు సాయిబులు, ముస్లిం రజకులు, హజ్జాములు, ఖురేషీలు, తిరగళ్లకు కక్కు కొట్టేవారు. చాలా పేర్లు వృత్తులే! తిరగలికి కక్కు కొట్టే ఉలి పనివాడికి మిక్సీ, గ్రైండరు వచ్చిన తరువాత ఏం మిగిలింది? నూర్‌బాషా దూదేకుల సోదరులు బీసీ-బి లో ఉన్నారు. పరుపుల షాపుల్లో ఫోము పరుపులు వరుసగా నిలబడిన తరువాత దూది ఏకే విల్లుకు చోటు ఎక్కడ? పాత పని పోయినవాడు కొత్త పని నేర్చుకోవలసిన చోటు శిక్షణ కేంద్రం. ఉలి పట్టిన చేయి మార్బుల్ కట్టింగు యంత్రం పట్టగలదు. ఆ మధ్య దూరం ఒక ఏడాది శిక్షణ.

రిజర్వేషన్ కోసం మన పెద్దలు ఎంత పోరాడారో ఇక్కడున్నవారికి చెప్పనక్కరలేదు. 4 శాతం అంటే 25 సీట్లకు ఒకటి. 200 సీట్లున్న ఐటీఐలో ఎనిమిది మంది మన పిల్లలు. ఒక ట్రేడు రద్దయినప్పుడు, ఒక కేంద్రం విలీనమైనప్పుడు ఆ సీట్లతోపాటు మన వంతూ పోతుంది. రిజర్వేషన్‌ను ఎవరూ తీసివేయరు, సీట్లను తీసివేస్తారు. సున్నాలో నాలుగు శాతం సున్నాయే. రిజర్వేషన్ మీద కోర్టులో వాయిదా పడితే మనం ఉలిక్కిపడతాము. పక్క కేంద్రంలో ఒక ట్రేడుకు బోధకుడు లేడన్న కబురును మాత్రం విని ఊరుకుంటాము. రెండూ ఒకే హక్కుకు సంబంధించినవని గమనించవలసిందిగా కోరుతున్నాము.

పని లేక శిక్షణ దండుగ అనేవారు మనలోనూ ఉన్నారు. వారికి 2024 సెప్టెంబరును గుర్తుచేస్తాము. బుడమేరు పొంగి విద్యాధరపురం, భవానీపురం, సింగ్‌నగర్ వైపు ఇళ్లలోకి నీరు వచ్చింది. నీరు తీసిన తరువాత ప్రతి ఇంటి ముందు ఏమున్నాయి? నీళ్లు తాగిన ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషిన్లు, మోటారు సైకిళ్లు, కుట్టు మిషన్లు, కాలిపోయిన మీటర్లు. ఎలక్ట్రీషియన్లు, ప్లంబర్లు, మెకానిక్కుల కోసం జనం ఎదురుచూశారు. ప్రభుత్వం ఒక ఆన్‌లైన్ సేవల సంస్థ సహాయం తీసుకుని పనివారిని రప్పించవలసి వచ్చింది. తప్పని అనము, అప్పటి అవసరం అది. కానీ పని మన వీధిలోనే ఉంది, పనివాడు బయటి నుంచి వచ్చాడు. ఆటోనగర్‌లో ఉస్తాదుల దగ్గర ఏళ్ల తరబడి పని నేర్చిన మన కుర్రవాళ్లకు చేయి తిరిగి ఉంది. కానీ పనివారి జాబితా తయారు చేసేవాడు చేతిని చూడడు, సర్టిఫికెట్టును చూస్తాడు.

ఆడపిల్లల సంగతి వేరుగా చెప్పాలి. మగపిల్లవాడికి దగ్గరి కేంద్రం పోతే దూరపు కేంద్రం ఉంటుంది. ఆడపిల్లకు దగ్గరి కేంద్రం పోతే చదువే పోతుంది. విజయవాడ ప్రభుత్వ ఐటీఐ రమేష్ హాస్పిటల్ రోడ్డులో ఉంది, మన భవానీపురం నగరానికి ఈ చివర. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం వచ్చింది, సంతోషం. టికెట్టు డబ్బు మిగిలింది. రెండు బస్సులు మారే సమయం మిగలలేదు, సాయంత్రం ఆలస్యమైతే ఇంట్లో వచ్చే ప్రశ్నలు తగ్గలేదు. ‘సమీప కేంద్రంలో విలీనం’ అని రాసేటప్పుడు ఆ సమీపం ఎవరి కాళ్లతో కొలిచారో అడగాలి.

ఇంత చెప్పి మన ఇళ్ల సంగతి దాచడం న్యాయం కాదు. పద్నాలుగేళ్ల పిల్లవాడిని రోజుకు రెండు మూడు వందలు వస్తాయని షాపులో పెడుతున్నాము. ఐటీఐలో సీటు వచ్చినా రెండేళ్లు ఆగలేక మధ్యలో మాన్పిస్తున్నాము. సంబంధం కుదిరిందని కోర్సు చివరి మూడు నెలల్లో అమ్మాయిని ఆపిన తల్లిదండ్రులు ఈ హాలులోనే ఉండవచ్చు. వరుసగా సీట్లు ఖాళీగా ఉన్న యూనిట్‌కు అనుబంధం నిలవదు. మనం ఖాళీ చేసిన కుర్చీ మన తరువాతి పిల్లవాడి కుర్చీ కూడా. చేతిపని చిన్నతనమన్న ఆలోచన ఇస్లాంలో లేదు. దావూద్ ప్రవక్త చేతిలో ఇనుము మెత్తబడిందని, ఆయన కవచాలు చేసేవారని మన పిల్లలకు చెప్తూనే, సంబంధాలు చూసేటప్పుడు మాత్రం వెల్డరా అని ముఖం చిట్లిస్తాము!

ఇప్పుడు చేయవలసిన పని. ‘కేంద్రాన్ని కాపాడండి’ అన్న బ్యానరు కంటే నాలుగు ప్రశ్నల కాగితం ఎక్కువ పని చేస్తుందని మా అనుభవం. కేంద్రంలో మంజూరైన బోధక పోస్టులు ఎన్ని, పనిచేస్తున్నవారు ఎందరు, ఖాళీలు ఏ తేదీ నుంచి? గత ఐదేళ్లలో ట్రేడుల వారీగా సీట్లు ఎన్ని, ప్రవేశాలు ఎన్ని, అందులో బీసీ-ఇ అభ్యర్థులు ఎందరు? ముడిసరుకు కోసం విడుదలైన సొమ్ము ఎంత, ఏ తేదీన, ఖర్చు ఎంత, సరెండర్ చేసినది ఎంత? విలీనానికో, స్థల మార్పుకో, హేతుబద్ధీకరణకో ఏదైనా ప్రతిపాదన ఉంటే దాని నకలు. 2005 సమాచార హక్కు చట్టం కింద 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. రాకపోతే అదే శాఖలోని పై అధికారికి మొదటి అప్పీలు. పైన మేము చెప్పిన రెండు పేజీలు, అంటే బోధకుడు లేడన్న పేజీ, స్పందన లేదన్న పేజీ, అప్పుడే మొదటిసారి పక్కపక్కన చేరతాయి. ఆ కాగితాలతో 15 సూత్రాల జిల్లా కమిటీకి, మన శాసనసభ్యులకు, మైనారిటీ సంక్షేమ శాఖకు వెళ్దాము. అప్పుడు మన మాట అర్జీగా కాక లెక్కగా వినిపిస్తుంది.

భవనం లేదన్న జవాబు వస్తుందని ముందే అనుకుందాము. సాయంత్రం ఖాళీగా ఉండే ఉర్దూ పాఠశాలలు ఉన్నాయి, కమ్యూనిటీ హాళ్లు ఉన్నాయి. స్థలం మనం చూపుదాము. అయితే బోధకుడు ప్రభుత్వ పోస్టులోనే ఉండాలి, సర్టిఫికెట్టు జాతీయ గుర్తింపు ఉన్నదే కావాలి. ఈ రెండింటి దగ్గర రాజీ పడవద్దని మా మనవి. చందాలతో ఒక కుట్టు కేంద్రం పెడతామని ముందుకొచ్చే యువకులు ఇక్కడ ఉన్నారు, వారి సేవను గౌరవిస్తాము. కానీ మనం పెట్టే కేంద్రాన్ని చూపించి ప్రభుత్వం తన కేంద్రాన్ని ఎత్తివేసే వీలు కల్పించకూడదు.

దరఖాస్తు నమూనాలు తలుపు దగ్గరి బల్ల మీద ఉన్నాయి. పేరు, చిరునామా, సంతకం చాలు, కారణం రాయనక్కరలేదు. జిల్లా కార్యాలయానికి రుసుము పది రూపాయలు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి అదీ లేదు, కార్డు నకలు జతచేస్తే సరిపోతుంది. కేంద్రం పేరు రాసే గడిని ఖాళీగా వదిలాము. మీ పేటకు దగ్గరలో మీకు తెలిసిన కేంద్రం పేరు మీరే రాయండి. రాయడం రానివారికి రాసిపెట్టడానికి మేము, మాతోపాటు విశ్రాంత ఉద్యోగులు మరికొందరు, అసర్ నమాజు వేళ వరకు ఆ బల్ల దగ్గరే ఉంటాము.